ఏడో పాటలోని గొంతు

జూన్ 9

వదినా,

శుక్రవారం పొద్దున ఆరు గంటలకి అన్న చివరి ఆల్బమ్ విడుదలైంది. అందులో ఏడో పాట పాడింది అన్న కాదు. నేను.

ముందు ఆ మాట రాసేశాను. బాగున్నావా, ల్యాబులో పని ఎలా ఉంది అని మొదలుపెడితే, అసలు సంగతి రాకుండానే కాగితం అయిపోతుంది. నా సంగతి నీకు తెలుసు కదా.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. వేలం ముగిశాక సాయంత్రం దాకా నోరు విప్పకూడదన్నది నాన్న పెట్టిన నియమం. పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా చేపల పెట్టెల మీద అరిచిన గొంతుకి ఆ మాత్రం విశ్రాంతి లేకపోతే రెండేళ్లలో పనికి రాకుండా పోతుంది. నాన్న వేలం అరుగు దిగి నేను ఎక్కిన దగ్గర్నుంచీ అదే నడుస్తోంది. పైగా అన్న పోయాక మనం ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ ఎవరో ఒకరం ఏడ్చి పెట్టేశాం. కాగితమే నయం.

"తడి నేల" నేను రాసుకున్న పాట. వేలం అయ్యాక మార్కెట్ కడుగుతారు చూడు, ఆ నీళ్ల గురించి. ముందటేడు చలికాలం అన్నకి జబ్బు ముదిరిందని చూడ్డానికి వచ్చాను కదా. మీ ఇంట్లో బట్టల గదిని రికార్డింగు గదిగా మార్చుకున్నాడే, గోడలకి పరుపులు కొట్టి, అందులో పాడాను. ఒక్కసారే. అన్న కుర్చీలో దుప్పటి కప్పుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. "ఇది నీది రా. నీ పేరుతోనే రావాలి. నేను కోలుకున్నాక దగ్గరుండి విడుదల చేయిస్తా" అన్నాడు. కోలుకోలేదు. పాట ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది. నేనూ అడగలేదు. ఏడాది కూడా కాకముందే ఎలా అడుగుతాను?

మా ఇద్దరి గొంతులూ ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఇద్దరికీ నేర్పింది నాన్నే. ఆయన అరుగు కింద కూర్చుని ఆయన లయలో ధరలు అరవడం మా ఆట. అందుకని నువ్వు పొరబడ్డావంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఆ హడావిడిలో, ఆ దుఃఖంలో ఎవరైనా పొరబడతారు.

కానీ శనివారం వేలానికి ముందు ఏమైందో విను. మార్కెట్లో ఐసు కొట్టే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. కళ్లు తడిగా ఉన్నాయి. "మీ అన్న అంత పెద్దవాడైనా మన నేలని మర్చిపోలేదయ్యా. ఎలా రాశాడో చూడు, ఇక్కడే నిలబడి రాసినట్టు" అన్నాడు. నేను ఆ నేల మీదే నిలబడి ఉన్నాను. "అవును పెద్దాయనా" అన్నాను.

నాన్న కూడా విన్నాడు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న: "జబ్బులో ఉండి ఇంత ఊపిరి ఎక్కడ్నుంచి తెచ్చాడు రా వాడు?" అని. అప్పటికి సాయంత్రం కాలేదు కాబట్టి నోరు విప్పకూడదన్న నియమం పనికొచ్చింది.

కంపెనీ వాళ్లకి ఒక మాట చెప్పు వదినా. పొరపాటు జరిగింది, ఏడో పాట తమ్ముడిది, పేరు మార్చండి అని. అంతే. దాని మీద వచ్చేదేమీ నాకు వద్దు. పేరు చాలు.

నాన్న నిన్ను అడిగానని రాయమన్నాడు. రాశాను.

నీ మరిది


జూన్ 14

చిన్నా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను, భోజనాల వేళ ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి.

ఆ పాటలు మీ అన్నయ్య కంప్యూటర్లో ఒకే చోట ఉన్నాయి. ఎనిమిది. ఎనిమిదీ కంపెనీకి ఇచ్చాను. ఏడోది ఆయనదే. పదకొండేళ్లు ఆ గొంతుతో కాపురం చేసినదాన్ని. పొద్దున్నే లేపిందీ, విసుక్కుందీ, చివరికి నీళ్లడిగిందీ ఆ గొంతే. నాకు తెలియదా?

నువ్వూ అదే గదిలో పాడావంటున్నావు. పాడి ఉండొచ్చు. ఆ గదిలో ఇంటికొచ్చిన ప్రతివాడూ పాడాడు. కుళాయి బాగు చేయడానికి వచ్చినతనితో కూడా పాడించాడు మీ అన్నయ్య.

ఇక్కడి సంగతి నీకు తెలియదు. జనం "ఏకబిగి" అని పిలిచే మీ అన్నయ్య పోయి ఏడాది కావస్తున్నా వీధిలో జనం తగ్గలేదు. అపార్ట్‌మెంటు గేటుకి కాగితాలు అంటించి పోతున్నారు. వాచ్‌మన్ చింపలేక నన్ను తిడుతున్నాడు. ఈ వారం ముగ్గురు కొత్త ర్యాపర్లు పాటలు విడుదల చేశారు. ముగ్గురూ మొదటి లైన్లోనే ఆయన్ని తలుచుకున్నారు. ఒకమ్మాయికి పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. కంపెనీ వాళ్లు పిలిస్తే ఆమె ప్రదర్శనకి వెళ్లాను. ఆయన "ఇనుప చొక్కా" రెండో చరణం ఎత్తుకుంది. నిమిషం పైన ఊపిరి తీసుకోకుండా పాడాలి కదా అది. సరిగ్గా సగంలో మైకు జనం వైపు తిప్పింది. మీ అన్నయ్య ప్రతిసారీ అలాగే తిప్పేవాడు, మిగతాది మీరు పాడండి అన్నట్టు. హాలంతా అందుకుంది. ఆయనకి జనం మీద ఉన్న ప్రేమ ఆ పిల్ల చేతిలో చూశాను. చీకట్లో కూర్చుని ఏడ్చాను.

ఇలాంటప్పుడు నువ్వు పేరు అడుగుతున్నావు. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ నీ గొంతు చేపలకే చాలింది. ఆయన పోయాక దానికి పేరు కావలసి వచ్చిందా? నీకేమైనా ఇబ్బందిగా ఉంటే దాచకుండా రాయి, సర్దుతాను. దానికి పాటని అడ్డం పెట్టుకోనక్కర్లేదు.

మామయ్య చెవి మిషనుకి బ్యాటరీలు విడిగా పంపుతున్నాను. కుడి చెవిదే ఎక్కువ తింటుంది, అందుకని దానికి ఎక్కువ పెట్టాను.

వదిన


జూన్ 19

వదినా,

ఇబ్బంది ఉంటే సర్దుతానన్నావు. ఆ లైను దగ్గర కాగితం ఉండ చేసి మూలకి విసిరాను. తర్వాత తెచ్చి, సాపు చేసి, మిగతాది చదివాను. బ్యాటరీలు వచ్చాయి. నాన్న వేసుకున్నాడు.

చచ్చినవాడి కళ్లు చారెడంత అంటారు. మనవాడి గొంతు బారెడంత అయింది. కానివ్వు, నాకేం బాధ లేదు. అన్న నాకంటే బాగా రాసేవాడు. మనుషుల ముందు నిలబడితే దీపం పెట్టినట్టు ఉండేవాడు. అది నాకు ఈ జన్మలో రాదు. కానీ ఆయన గొంతు నాకు తెలియదా అన్నావు చూడు, దానికి మాత్రం జవాబు చెప్పాలి.

"ఇనుప చొక్కా" ఉంది కదా. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నేనే పాడాను.

కోప్పడకుండా చదువు. అన్న దాన్ని స్టూడియోలో నాలుగు రోజులు ప్రయత్నించాడు. రెండో చరణం ప్రతిసారీ ఒకే లైను దగ్గర తెగిపోయేది. అప్పటికే సిగరెట్లు పెరిగాయి, నీకు తెలుసు. అక్కడ ఊపిరి తీసుకుని అతికించొచ్చు, అందరూ చేసేదే. కానీ పేరే "ఏకబిగి" అని పెట్టుకున్నవాడు అతికిస్తే ఎలా? నాకు ఫోన్ చేశాడు. "నువ్వు వచ్చి గైడ్ పాడు రా, దాన్ని చెవిలో పెట్టుకుని దాని వెంట నేను పాడతా" అన్నాడు. గైడ్ అంటే అంతే, దారి చూపించే పాట. తర్వాత చెరిపేస్తారు.

నేను వెళ్లాలంటే ఇక్కడ అరుగు ఖాళీ అవుతుంది. మా మార్కెట్ నియమం నీకు తెలుసో లేదో. గంట కొట్టాక మూడుసార్లు పిలుస్తారు. ఆ ఇంటివాడెవడూ ఎక్కకపోతే ఆ అరుగు వరసలో తర్వాతివాడికి పోతుంది. మళ్లీ రాదు. జ్వరమైనా, చావైనా ఒకటే. అప్పటికే నాన్న గొంతు పోయింది. అందుకని అన్న రాత్రి రైల్లో ఇటు వచ్చాడు, నేను అటు వెళ్లాను. నేను మైకు ముందు, అన్న చేపల ముందు. నేను మధ్యాహ్నానికి ముగించాను. సౌండు చూసే ఆయన నా నాలుక చప్పుళ్లన్నీ ఏరి తీసేసి, "ఇక దీని మీద మీ అన్న ఏం పాడతాడు?" అని నవ్వాడు. అన్న పాడలేదు. అదే బయటికి వచ్చింది. "ఈ ఒక్కసారికి రా" అన్నాడు. సరే అన్నాను.

ఆ మైకు తిప్పడం జనం మీద ప్రేమ కాదు వదినా. సరిగ్గా అక్కడ ఆయనకి ఊపిరి అందేది కాదు. జనం అరుస్తుంటే తీసుకునేవాడు. ఇప్పుడు పిల్లలంతా అది నేర్చుకుంటున్నారంటే నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియడం లేదు.

నమ్మకపోతే, సాక్ష్యం నీ దగ్గరే ఉంది. అది నీ ఆపరేషన్ రోజు. సాయంత్రం నాలుగింటికి కదా? వేలం అవగానే తొమ్మిదిన్నర రైలెక్కి నీ దగ్గరికి వస్తానని అన్న నాకు మాటిచ్చాడు. వచ్చాడు కూడా కదా. నీ మంచం పక్కన ఉన్న మనిషి స్టూడియోలో ఎలా ఉంటాడు? మరి పాడింది ఎవరు? నువ్వే చెప్పు.

నేను నిన్ను చూసి పోతానన్నాను ఆ రోజు. అన్న వద్దన్నాడు. "నువ్వు ఊళ్లో ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు, మీ వదినకి కూడా" అన్నాడు. స్టూడియో నుంచి నీ ఆసుపత్రి రెండు బస్టాపులు. స్టేషన్‌కి వెళ్లే బస్సు దాని ముందు నుంచే పోయింది.

కోపంలో రాశాను, నిజమే. అయినా ఇందులో ఒక్క అబద్ధం లేదు.

నీ మరిది


జూన్ 24

చిన్నా,

ముందు నేను చేసింది రాస్తాను, తర్వాత మీరు చేసింది.

ఏడో పాట నీదని మొదటిసారి విన్నప్పుడే తెలుసు. ఊపిరి తీసుకునే ముందు నువ్వు నాలుకని అంగిలికి కొడతావు, ఒక పెట్టె అమ్ముడుపోగానే కొట్టినట్టు. మీ అన్నయ్య ఆ అలవాటు ఎప్పుడో వదిలేశాడు. పళ్ల సెట్లు చేసేదాన్ని, ఎవరి నాలుక ఎక్కడ తగులుతుందో నాకు ఒకరు చెప్పాలా? తెలిసే ఇచ్చాను. తెలిసే నీకు కాదని రాశాను.

ఎందుకంటే, అసలు ఏడో పాట వేరే ఉంది. ఆయన చివరిగా పాడింది. రెండో చరణంలో దగ్గు వస్తుంది. ఆగదు. తర్వాత పాట వదిలేసి నన్ను పిలుస్తాడు. నాలుగుసార్లు. అప్పుడు నేను వంటింట్లో మిక్సీ వేసుకుని ఉన్నాను, వినపడలేదు. ఆ పిలుపు కంపెనీ చేతిలో పెట్టలేకపోయాను. వాళ్లకిస్తే అదే ముందు విడుదల చేసేవాళ్లు. ఎనిమిది పాటలని ఒప్పుకున్నాను, ఏడే ఉన్నాయి. నీది కనిపించింది. బాగుంది. ఆయన అలా వెళ్లిపోయాడని జనం అనుకుంటే బాగుండుననిపించింది. నిన్ను అడగాలి. అడిగితే కాదంటావేమోనని అడగలేదు. ఇదీ నేను చేసింది.

ఇప్పుడు నీ సాక్ష్యం.

ఆ రోజు మీ అన్నయ్య నా దగ్గర లేడు.

ముందు రోజు స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. మర్నాడు సాయంత్రం ఆపరేషన్ అన్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, "రేపు ఒక్కరోజు స్టూడియో వదల్లేను, పాట అప్పగించాలి. నువ్వు గట్టిదానివి" అన్నాడు. భర్త సంతకం చేయాల్సిన చోట నేనే చేశాను. తర్వాతి రోజు పొద్దున వచ్చాడు, కళ్లు ఎర్రగా, గొంతు పూర్తిగా పోయి. రాత్రంతా పాడానన్నాడు. నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి "ఇనుప చొక్కా" వినిపించాడు. మత్తు ఇంకా దిగలేదు. అంతా విన్నాక ఆయన తల నిమిరాను. క్షమించాను. ఆ తర్వాత ఆ పాట ఎప్పుడు విన్నా ఆ మంచం మీద నుంచే విన్నాను. నాలుక చప్పుడు ఉందో లేదో ఎవరికి పట్టింది?

ఇంటికొచ్చిన పత్రికల వాళ్లకి నేనేం చెప్పేదాన్నో నీకు తెలుసు. ఒక బిడ్డ పోయిన రోజు ఒక పాట పుట్టింది అని. ఈ ఆల్బమ్ అట్ట వెనక కూడా నా పేరుతో ఆ మాటే అచ్చేశారు. వెళ్లి చూసుకో.

వేలం తొమ్మిదింటికి అయిపోతుందన్నావు. రైలు తొమ్మిదిన్నరకి ఉందన్నావు. మరి ఆయన ఎక్కడున్నాడు?

కనుక్కుని రాయి. ఆడమనిషి అయితే అదే రాయి. అది నేను తట్టుకోగలను, చాలామంది తట్టుకుంటున్నారు.

రెండు బస్టాపులు అన్నావు. ఆ మాట చదివాక ఆ రోజు పని చేయలేకపోయాను.

వదిన


జూలై 1

వదినా,

ఆడమనిషి కాదు.

ఐసు కొట్టే పెద్దాయన్ని అడిగాను. మొదట చెప్పనన్నాడు. "అన్నదమ్ముల మధ్య మాటలు మోసే పని నాది కాదు బాబూ, నేను మోసేది ఐసు" అన్నాడు. వదిన అడుగుతోందని చెప్పాను. అప్పుడు కూర్చోమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

అన్న ఆ రోజు అరుగెక్కి అన్ని పెట్టెలూ అమ్మాడు. నాన్న కాలం నాటి కొనుగోలుదార్లు చప్పట్లు కొట్టారట. తొమ్మిదికి దిగాడు. "రైలుందన్నావుగా?" అని పెద్దాయన గుర్తు చేశాడు. "తర్వాతది ఎక్కుతా" అన్నాడు. ఐసు షెడ్డులో కూలీలతో కూర్చుని టీ తాగాడు, పేకాడాడు, అందర్నీ నవ్వించాడు. మధ్యాహ్నం ఇంకో రైలుంది. "తర్వాతది" అన్నాడు. అప్పుడు పెద్దాయన అడిగాడట, "ఇంట్లో ఏమైనా గొడవా?" అని. "గొడవేం లేదు. ఒక చోటికి వెళ్లాలి, అక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు" అన్నాడు.

సాయంత్రం నాలుగయ్యేసరికి పేక కింద పెట్టేసి లేచాడు. కడిగి బోర్లించిన ఖాళీ పెట్టెల్ని వరసగా పేర్చమన్నాడు. అరుగెక్కి వాటిని వేలం వేశాడు. కూలీలు వేళాకోళానికి పాడారు. ఒకడు చంద్రుడిని ఇస్తానన్నాడు, ఇంకొకడు వాడి అత్తగారిని ఇస్తానన్నాడు. ఆపమన్నా ఆపలేదట. ఊపిరి తీసుకోకుండా అరిచాడు, గొంతు పూర్తిగా పోయేదాకా. తర్వాత రాత్రి రైలెక్కాడు.

నాలుగింటికి నువ్వెక్కడున్నావో పెద్దాయనకి తెలియదు. నేను చెప్పలేదు.

ఇన్నేళ్లూ అన్న నీ దగ్గరే ఉన్నాడనుకున్నాను. నా గొంతు ఇచ్చి నీకు మొగుణ్ణి పంపాననుకున్నాను. ఆ లెక్కన నాకు పేరు రాకపోయినా పరవాలేదనుకున్నాను. అన్న మనిద్దరికీ రెండు వేరే మాటలు చెప్పి, ఎక్కడికీ పోకుండా ఇక్కడ కూర్చున్నాడు.

నీ మీదా కోపం ఉంది. తెలిసే చేశావు. పొరబడ్డావేమోనని నీకు మర్యాద ఇచ్చి రాసిన మొదటి ఉత్తరం చించెయ్. ఆ దగ్గు సంగతి ముందే ఒక్క ముక్క రాసి ఉంటే పాట నేనే ఇచ్చేవాణ్ణి, పేరు లేకుండా. ఇప్పుడు ఇవ్వను.

కానీ ఒక్కటి అడుగుతున్నాను. ఏడో పాట వరకే మార్పించు. "ఇనుప చొక్కా" జోలికి పోవద్దు. నాన్న పొద్దున లేవగానే ఫోన్‌లో అదే పెట్టుకుంటాడు. అది ఆయనకి పెద్ద కొడుకు. ఈ ర్యాపర్ పిల్లలంతా ఆ చరణం పట్టుకునే ఈ దారిలోకి వచ్చారు. కడుపు చించుకుంటే మన కాళ్ల మీదే పడుతుంది.

నీ మరిది


జూలై 7

చిన్నా,

ఖాళీ పెట్టెల సంగతి చదివాక ఆడమనిషి అయితే బాగుండేదనిపించింది.

చాలామంది భయపడతారు. భయపడి రాలేదని చెప్పి ఉంటే రెండు నెలలు మాట్లాడకుండా ఉండేదాన్ని, తర్వాత మామూలైపోయేదాన్ని. ఆయన చెప్పలేదు. చెబితే పాట నీదని కూడా చెప్పాలి. పాటని దాచడానికి నాకు అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధాన్ని నేను నమ్మి, మెడలో వేసుకుని, పత్రికల వాళ్లకి చూపించాను. ఇన్నేళ్లూ నేను క్షమించింది అసలు జరగనే లేదు.

కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్లాను. రెండు పాటలూ చెప్పాను. ఏడోది విని, "తమ్ముడా? భలే ఉంది మేడమ్, కథ బాగుంటుంది" అన్నాడు. "ఇనుప చొక్కా" అనగానే లేచి తలుపు వేశాడు.

"అది ముట్టుకోకండి మేడమ్. అది పాట కాదు, ఆయన విగ్రహం."

"విగ్రహం ఎవరిదో చెబుతున్నాను."

"చెబితే ఎవరికి లాభం? మీకా? ఆయనకా?"

"లాభం గురించి రాలేదు."

"మరి దేని గురించి వచ్చారు?"

అట్ట వెనక నా పేరుతో ఉన్న మాట తీసేయడానికి వచ్చానన్నాను. తీయాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే అంతా చెప్పాలి. సౌండు చూసే ఆయన్ని పిలిపించారు. ఆయన మొదట నేల చూశాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అసలు రికార్డింగు, నీ నాలుక చప్పుళ్లతో సహా, ఇప్పటికీ ఆయన దగ్గరుంది.

నువ్వు ఏడోది ఒక్కటే అడుగుతున్నావు. అది నీకు తేలిక. మంచి తమ్ముడు, అన్న పోయాక ఒక్క పాటకి పేరొచ్చింది, అందరూ మెచ్చుకుంటారు. "ఇనుప చొక్కా" అలాగే ఉంటే, నేను మాత్రం ఆ అట్ట వెనక ఆ మాట మోసుకుంటూ కూర్చోవాలి. మోయను. రెండూ చెప్పాలి, లేదా ఏదీ వద్దు. రెండూ అంటే మీ అన్నయ్య చిన్నబోతాడు, మామయ్య బాధపడతాడు, పిల్లలు తిడతారు. తెలుసు. మైకు ఎందుకు తిప్పేవాడో తెలిశాక ఆ పందొమ్మిదేళ్ల పిల్ల అక్కడ ఊపిరి తీసుకునే దారి తనే వెతుక్కుంటుంది. మనకంటే తెలివైనదే.

గురువారం, ఈ నెల 17, పదకొండు గంటలకి కంపెనీ ఆఫీసు, నాలుగో అంతస్తు. నువ్వూ నేనూ ఇద్దరం సంతకం పెడితేనే పేర్లు మారతాయి. ఇద్దరూ వచ్చి తీరాలి, పోస్టులో కుదరదన్నారు. ఆ తర్వాత వాళ్ల లాయరు ఊళ్లో ఉండడట, వాయిదా వేయాలంటే సంవత్సరం తర్వాత మాట. నువ్వు రాకపోతే రెండు పాటలూ ఆయన పేరునే ఉంటాయి. నేను ఇంకెప్పుడూ అడగను, నువ్వూ నన్ను అడగకు.

ఆయన రావద్దంటే నువ్వు రెండు బస్టాపుల దూరం నుంచి వెళ్లిపోయావు. ఈసారి రమ్మంటున్నది నేను.

వదిన


జూలై 12

వదినా,

నాన్నకి చెప్పాను. సాయంత్రం దాకా ఆగలేదు, వేలం అయి ఇంటికి రాగానే చెప్పాను. ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చుని, మొదటి నుంచీ చివరిదాకా.

నాన్న అంతా విని, ఒకటే అడిగాడు: "ఆ పొద్దున పెద్దోడు అరుగు మీద ఎలా పాడాడు?"

"అన్నీ అమ్మాడట. చప్పట్లు కొట్టారట."

"నేను నేర్పిన లయేనా?"

"నీదే నాన్నా."

"మరి దాన్ని వదిలేసి ఆ మైకులెందుకు వాడికి" అన్నాడు. తర్వాత రెండు చెవుల మిషన్లూ తీసి బల్ల మీద పెట్టాడు. నేను ఇంకేమన్నా వినేలా లేడు. మర్నాడు పొద్దున ఫోన్‌లో పాట పెట్టలేదు. ఆ మర్నాడూ పెట్టలేదు. నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, కానీ మన అందరి మీదా కోపంగా ఉన్నాడు. నాన్నకి పెద్ద కొడుకు రెండోసారి పోయాడు, ఈసారి చంపింది నేను. నా మాట నువ్వు మళ్లీ నమ్ముతావో లేదో నాకు తెలియదు, నీ మాట నేను నమ్మగలనో లేదో కూడా తెలియదు. అయినా వస్తున్నాను.

ఒక సంగతి నీ ఉత్తరంలో లేదు, నీకు తట్టి ఉండదు. పదకొండింటికి అక్కడ ఉండాలంటే బుధవారం రాత్రి రైలెక్కాలి. గురువారం పొద్దున నేను ఇక్కడ ఉండను. నాన్న గొంతు లేదు, అన్న లేడు. మార్కెట్ కమిటీని అడిగాను, ఒక్క రోజు ఆగుతారా అని. కుదరదన్నారు. నియమం నాన్న కాలంలో పెట్టిందేనట, దాని మీద నాన్న సంతకం కూడా ఉందట. వరసలో తర్వాతివాడు మంచివాడే. గొంతు కొంచెం సన్నం.

బుధవారం రాత్రి పది గంటల రైలుకి టికెట్టు తీసుకున్నాను. గురువారం పొద్దున ఐదింటికి ఇక్కడ గంట కొడతారు. మన ఇంటి పేరు మూడుసార్లు పిలుస్తారు, తర్వాత అతను అరుగెక్కుతాడు. పదకొండింటికి నేను నాలుగో అంతస్తులో ఉంటాను.

నీ మరిది